బలవంతపు తాళిని ప్రేమకథ అనకండి

"పెద్దలు కుదిర్చిన పెళ్లి కథలే అసలైన ప్రేమకథలు" అన్న మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈసారి పంపింది బాగా చదువుకున్న స్నేహితురాలు. పైన ఆ హెడ్డింగ్, కింద ఐదు పాయింట్లు, చివర దండాలు పెట్టే బొమ్మలు. పెళ్లయ్యాక ప్రేమ పుట్టే కథలకు ఆన్‌లైన్ సీరియల్స్‌లో ఇంత గిరాకీ ఉందంటే మన సంస్కృతి గెలిచినట్టేనట. ఆ కథలు నేనూ చదువుతాను. పడుకునే ముందు తర్వాతి భాగం వచ్చిందా అని చూసుకునేంత ఇష్టం. అందుకే ఒళ్లు మండుతోంది. నాకిష్టమైన కథల్ని అడ్డం పెట్టుకుని ఈ మెసేజ్ చెప్పకూడని మాట చెబుతోంది.

ప్రేమించి పెళ్లి చేసుకోవడం పరాయి అలవాటు, మన సాహిత్యంలో లేదు అన్నది మొదటి పాయింట్. పెళ్లి ఆలస్యమవుతున్న అమ్మాయిల చేత మన ఇళ్లలో పారాయణ చేయించేది దేన్ని? పోతన భాగవతంలోని రుక్మిణీ కల్యాణాన్ని. అందులో జరిగిందేమిటి? అన్న రుక్మి శిశుపాలుడితో సంబంధం ఖాయం చేశాడు. ఆ పిల్ల ఒప్పుకోలేదు. అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడి చేత కృష్ణుడికి కబురు పంపింది. పెళ్లికి ముందు ఊరి బయట దుర్గ గుడికి వస్తాను, అక్కడి నుంచి తీసుకెళ్లు అని ఉపాయం కూడా తనే చెప్పింది. పెద్దలు కుదిర్చిన సంబంధాన్ని కాదన్న అమ్మాయి కథను పూజగదిలో పెట్టుకుని, మన సాహిత్యంలో ప్రేమ పెళ్లి లేదంటారా?

రెండోది, ఇంగ్లిష్ రొమాన్స్ రచయితలు కూడా మనల్ని చూసి ఇప్పుడు ఇలాంటి పెళ్లిళ్లు రాస్తున్నారట. ఆస్తి కోసమో వారసుడి కోసమో పెళ్లాడి, తర్వాత ప్రేమలో పడే జంటల కథలు ఇంగ్లిష్‌లో ఎప్పటి నుంచో ఉన్నాయి. అద్దె లైబ్రరీల్లో మిల్స్ అండ్ బూన్ పుస్తకాలు తెచ్చుకుని చదివిన ఎవరినైనా అడగండి, చెబుతారు.

మన దగ్గర విడాకులు తక్కువ, కాబట్టి ఈ కథల్లో చూపించేదంతా నిజం అన్నది మూడో పాయింట్. తక్కువే, నిజం. 2011 జనాభా లెక్కల్లో విడాకులు తీసుకున్నవాళ్లు దేశం మొత్తం మీద దాదాపు 13.6 లక్షలు. అదే లెక్కల్లో, విడాకులు తీసుకోకుండానే విడిగా బతుకుతున్నవాళ్లు దానికి రెండున్నర రెట్లకు పైనే. ఈ రెండో అంకె మెసేజ్‌లో ఎందుకు లేదు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పిన ఆడవాళ్లు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. వీళ్లలో ప్రేమించి పెళ్లి చేసుకున్నవాళ్లూ ఉంటారు. ఏ పెళ్లి గొప్పదో తేల్చడం నా ఉద్దేశం కాదు. కోర్టు గుమ్మం ఎక్కనంత మాత్రాన ఆ ఇంట్లో ప్రేమ ఉన్నట్టు కాదు, అంతే.

ఇక నాలుగో పాయింట్. ఇది చదివాకే ఈ జవాబు రాయాలనిపించింది. "ఇష్టం లేకపోయినా, బలవంతంగా తాళి కట్టినా, మంచి మగాడైతే ఓపికతో భార్య మనసు గెలుచుకుంటాడు. మన కథలు నేర్పే గొప్ప పాఠం ఇదే."

ఈ పాఠం ఎలా నేర్పుతారో ఈ సీరియల్స్ చదివేవాళ్లందరికీ తెలుసు. హీరో పెద్ద కంపెనీకి ఓనర్. నాన్న చేసిన అప్పును అడ్డం పెట్టుకుని బెదిరించి హీరోయిన్ మెడలో తాళి కడతాడు. ఒక భాగంలో కోపంతో ఆమె మణికట్టు పట్టుకుని మెలిపెడతాడు, గాజులు విరిగి గుచ్చుకుంటాయి. తర్వాతి భాగంలో, ఆమె నిద్రపోతున్నప్పుడు పక్కన కూర్చుని ఆ గాయానికే మందు రాస్తాడు. ఆమె కళ్లు తెరిచి చూసి, "ఈయనలో ఇంత మంచితనం ఉందా" అనుకుంటుంది. కింద కామెంట్లలో గుండె బొమ్మలు. ఆ గాయం చేసింది అతనే కదా అని ఒక్కరూ అడగరు. అది మంచితనం అయితే, చెయ్యి మెలిపెట్టకుండా ఉండటాన్ని ఏమనాలి?

బయట ప్రపంచంలో దీనికి చట్టం ఉంది. బలవంతంతోనో మోసంతోనో ఒప్పించి చేసిన పెళ్లిని రద్దు చేయమని 1955 నాటి హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లొచ్చు. కానీ దానికి గడువుంది. బలవంతం ఆగిపోయాక, లేదా మోసం బయటపడ్డాక, ఏడాదిలోపే పిటిషన్ వేయాలి. బలవంతం ఆగాకో మోసం తెలిశాకో ఇష్టపూర్వకంగా కాపురం చేసినా ఆ దారి మూసుకుపోతుంది. "కొన్నాళ్లు ఓపిక పట్టమ్మా, అతనే మారతాడు" అని పెద్దవాళ్లు చెప్పే ఊరట మాట ఆ గడువును మింగేస్తుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. భార్యకు 18 ఏళ్లు నిండి, భర్తతో కలిసి ఉంటే, అతను పడకగదిలో చేసే బలవంతాన్ని మన చట్టం అత్యాచారంగా లెక్కించదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా, 63వ సెక్షన్‌లో ఆ మినహాయింపును అలాగే ఉంచారు. చట్టమే ఆమె పక్షాన నిలబడని చోట, కథ కూడా వెళ్లి అతని పక్కన నిలబడితే ఆ అమ్మాయి ఎవరితో చెప్పుకోవాలి? ఇది సంస్కృతి అని దండాలు పెట్టే బొమ్మలు పంపడానికి చేతులెలా వస్తున్నాయి?

కథగా చూసినా ఇది పేలవమైన కథే. రొమాన్స్‌లో చివరికి ఇద్దరూ ఒకటవుతారని మొదటి పేజీలోనే మనకు తెలుసు. అయినా చదువుతున్నామంటే, ఆమె తనంతట తాను అక్కడికి ఎలా చేరుతుందో చూడాలని. కాదనే వీలే లేని అమ్మాయి అవునంటే అందులో చూడాల్సిందేముంది? పెళ్లిచూపుల కథల్లో నాకు నచ్చే ఘట్టం ఒకటుంది. "ఏమైనా మాట్లాడుకుంటారేమో" అని ఇద్దరినీ డాబా మీదికి పంపుతారు. ఆరేసిన బట్టల మధ్య ఇబ్బందిగా నిలబడి అతను అంటాడు, "మీకు ఇష్టం లేకపోతే నాకు చెప్పండి. నాకే నచ్చలేదని మా ఇంట్లో చెబుతాను. మీ మీదికి మాట రాదు." అప్పటిదాకా తల వంచుకున్న అమ్మాయి మొదటిసారి తలెత్తి అతన్ని చూస్తుంది. ఆ క్షణం నుంచి ఆ కథను ఎన్ని భాగాలైనా చదువుతాను. అక్కడ పెళ్లి కుదిర్చింది పెద్దలే, కానీ ఒప్పుకున్నది ఆమె. ఈ తేడా మెసేజ్ రాసినాయనకు పట్టలేదు.

అదే నాలుగో పాయింట్ చివర ఆయన ఒక నిజం కూడా రాశారు. ఈ సీరియల్స్‌ను చెత్త అని తీసిపారేసేవాళ్లు నిజానికి చదివే ఆడవాళ్లను చిన్నచూపు చూస్తున్నారని. నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. 2011–12 నాటి భారత మానవాభివృద్ధి సర్వేలో, భర్తను పూర్తిగా తామే ఎంచుకున్నామని చెప్పిన ఆడవాళ్లు 5 శాతం మాత్రమే. మూడింట రెండొంతుల మంది భర్తను మొదట చూసింది పెళ్లి రోజునో, దానికి కాస్త ముందో. ముక్కూమొహం తెలియని మనిషితో ఒకే గదిలో కొత్త జీవితం మొదలుపెట్టిన ఇంతమందికి, ఆ మనిషి మంచివాడైతే ఎలా ఉంటుందో ఊహించుకునే కథ కావాలి. అతను టీలో చక్కెర ఎంత వేసుకుంటాడో, ఆమెకు ఫ్యాన్ ఏ స్పీడులో ఉంటే నిద్రపడుతుందో ఒకరికొకరు తెలుసుకునే పేజీల్లో ఉండే అందం పరిచయంలోనే ప్రేమలో పడే కథల్లో దొరకదు. దాన్ని వెక్కిరించే విమర్శకులతో నాకూ పేచీ ఉంది.

ఐదో పాయింట్, ఇవన్నీ సరదా కథలు, ఎవరూ సీరియస్‌గా తీసుకోవద్దు అని. సరే, తీసుకోవద్దు. మరి దాని కిందే, దండాల బొమ్మలకు ముందు, ఈ వాక్యం ఎందుకు రాసినట్టు? "వచ్చిన సంబంధాలన్నీ వద్దంటున్న మీ అమ్మాయిలకు ఈ కథలు చదివించండి, తప్పకుండా మనసు మారుతుంది." ఈ మెసేజ్ వచ్చిన గ్రూపుల్లో పెళ్లికెదిగిన అమ్మాయిలూ ఉన్నారు. తమకు వచ్చిన సంబంధాలను వద్దన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లను కూర్చోబెట్టి ఎందుకు వద్దన్నావమ్మా అని అడగండి. ఈ మెసేజ్ మాత్రం వాళ్లకు పంపకండి.