ఒక్క సున్నా కోసం రెండు గంటలు

నిన్న సాయంత్రం రెండు గంటలు ఒక్క సున్నా వెతకడానికే పోయాయి. మా క్లౌడ్ అకౌంట్ నంబర్‌కి 12 అంకెలు, మొదటిది 0. క్లౌడ్‌లో కావలసినవి కోడ్‌తో ఏర్పాటు చేసే టెర్రాఫామ్ అనే టూల్ వాడతాం. అందులో మాడ్యూల్ (మళ్లీ మళ్లీ వాడుకునే కోడ్ ముక్క) రాసినవాళ్లెవరో ఆ నంబర్ పెట్టే వేరియబుల్ టైప్ ‘నంబర్’ అని పెట్టారు. టెర్రాఫామ్ కిక్కురుమనకుండా నేనిచ్చిన స్ట్రింగ్‌ని (అక్షరాల వరసగా రాసిన విలువని) నంబర్‌గా మార్చేసింది. ముందున్న సున్నా ఎగిరిపోయి 11 అంకెలు మిగిలాయి. ఏమేం మారతాయో ముందే చూపే ప్లాన్ బాగానే వచ్చింది. అప్లై చేశాకే ఎర్రర్, అదీ పర్మిషన్ల దగ్గర. నేనేమో ఆ పర్మిషన్లు రాసి ఉండే రోల్ పాలసీ మొత్తం తిరగేశాను!

కూడికలు, తీసివేతలు చేయని దాన్ని నంబర్ అని ఎలా అంటారండీ? అది పేరు లాంటిది. స్ట్రింగ్ అని రాస్తే పోయేది.

సెట్టింగులు రాసుకునే యామల్ ఫైళ్లతోనూ ఇదే గోల. వెర్షన్ 1.10 అని కోట్స్ లేకుండా రాస్తే 1.1 అయి కూర్చుంటుంది. టెర్రాఫామ్‌లో ఒక్కో అంశానికీ ఒక్కో రిసోర్స్ తయారుచేసే ఫర్ ఈచ్‌కి లిస్ట్ ఇస్తే మాత్రం వెంటనే కుదరదంటుంది, టోసెట్ ఫంక్షన్‌తో సెట్‌గా మార్చి ఇవ్వాలి. అదే నయం, కనీసం ఏ లైన్లో తప్పో చెబుతుంది. చప్పుడు లేకుండా మార్చేసేదే ప్రాణం తీస్తుంది.

మాడ్యూల్ రాసేవాళ్లూ, దయచేసి ఐడీలకు స్ట్రింగ్ అనే పెట్టండి. 12 అంకెలూ ఉన్నాయో లేదో చూసే వాలిడేషన్ బ్లాక్ కూడా చేర్చండి. ఇవాళ పొద్దున నేను చేర్చాను, నాలుగు లైన్ల పని.