బిందెడు నీళ్లకి క్రిములు కొట్టుకుపోతాయా?

ఎండలు ముదిరితే చాలు, బెజవాడ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఈ ఫార్వర్డ్ తిరగడం మొదలవుతుంది: “మూత్రంలో మంటా? యాంటీబయాటిక్ వద్దు. పరగడుపున వేణ్ణీళ్లు బిందెడు తాగండి. కృష్ణమ్మ వరదకి గుర్రపుడెక్క కొట్టుకుపోయినట్టు క్రిములన్నీ పోతాయి. వాటి జిగురు వేడికి కరుగుతుంది. మానోజ్ పొడి కలిపితే ఇక తిరుగులేదు.” పక్కింటి పిన్నిగారు ఫోను చూపించి “నిజమేనంటావా అమ్మాయ్?” అన్నారు. ల్యాబులో నేను రోజూ చూసేవి యూరిన్ కల్చర్లే.

వేడి సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఎంత వేడిగా తాగినా మూత్రాశయం చేరేసరికి అది ఒంటి వేడే, 37 డిగ్రీలు. ఈ మంటకి ఎక్కువసార్లు కారణమయ్యే పేగుల్లోని బాక్టీరియా ఈ.కోలైకి అది పుట్టిల్లు.

జిగురు కూడా కాదు. ఈ.కోలై ఒంటి నిండా పిలై అనే సన్నటి పోగులుంటాయి. పోగు కొసన ఫిమ్‌హెచ్ అనే ప్రోటీన్. మూత్రాశయం లోపలి కణాల మీద ఉండే మానోజ్ చక్కెరను అది పట్టుకుంటుంది.

ఇక వరద. గుర్రపుడెక్క నీళ్ల మీద తేలేది, కాబట్టి పోతుంది. ఈ.కోలై ఉత్తరేణి గింజ జాతి: చీర అంచుకి పట్టిందంటే దులిపితే రాలదు. పైగా ఫిమ్‌హెచ్ పట్టు ఉచ్చుముడి లాంటిది, ధార లాగేకొద్దీ బిగుస్తుంది. ఎర్ర రక్తకణాలతో చేసిన ప్రయోగంలో 2002లోనే ఇది బయటపడింది: ప్రవాహం నెమ్మదిగా ఉంటే వదులుగా పట్టుకున్నవి, జోరు పెంచితే గట్టిగా అతుక్కున్నాయి. పోగు కూడా స్ప్రింగులా సాగి ఆ కుదుపును ఓర్చుకుంటుంది. కొన్ని ఏకంగా కణాల్లోకే దూరి దాక్కుంటాయి. అక్కడికి ఏ వరదా చేరదు.

అలాగని నీళ్లు మానేయమనను. మాటిమాటికీ ఈ జబ్బు వచ్చే, నీళ్లు తక్కువ తాగే ఆడవాళ్లు రోజూ 1.5 లీటర్లు అదనంగా తాగితే, ఏడాదిలో మంట వచ్చే సార్లు దాదాపు సగానికి తగ్గాయని 2018లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అయితే అది రాకుండా చూసుకోవడం, వచ్చింది పోగొట్టడం కాదు.

మానోజ్ ఆలోచన మాత్రం తెలివైనదే: క్రిమి చేతికి దొంగ చక్కెర అందించడం. పాపం, 2024లో బ్రిటన్‌లో 598 మంది ఆడవాళ్ల మీద ఆరు నెలలు పరీక్షిస్తే, ఉత్తుత్తి పొడికీ దీనికీ తేడా కనబడలేదు.

యాంటీబయాటిక్ వద్దన్న మాట దగ్గరే నాకు కోపం. చిన్నపాటి మంట ఒక్కోసారి తనంతట తనే తగ్గుతుంది, నిజమే. చలిజ్వరం, నడుం పక్కన పోటు వచ్చాయంటే మాత్రం క్రిమి కిడ్నీకి ఎక్కినట్టే అనుకోవాలి.

పిన్నిగారు అంతా విని, “రాత్రి నుంచి కాస్త చలి పెడుతోందమ్మా” అన్నారు.

మే నెల బెజవాడలో చలి! ఆటో పిలిచాను.