మద్దెలకు మీటలు

ఆడలేక మద్దెల ఓడన్నాడని మన పెద్దలు ఎగతాళి చేశారు గాని, ఆ మద్దెలకే సున్నా నుంచి పది దాకా జరిగే మీటలు బిగించి ఆడేవాడి చేతికే ఇచ్చే రోజు ఒకటి వస్తుందని పాపం వారు ఊహించలేదు. బేస్‌బాల్ వీడియో గేమ్‌లో ఆట కష్టాన్ని పెంచి తగ్గించే ఆ మీటలను స్లైడర్లంటారు. బ్యాటుకు బంతి తగలడానికి ఒక మీట, తగిలిన బంతి దూరం పోవడానికి ఒకటి, బంతి విసిరే పిచర్ వేగానికి ఒకటి, అతని గురికి ఒకటి. బేస్‌బాల్‌లో చివరి క్షణాన పక్కకు జారిపోయే ఒక బంతి పేరు కూడా స్లైడరే. ఆ స్లైడర్‌ను కొట్టలేనివారే ఈ స్లైడర్‌ను జరుపుతూ కనిపించడం కేవలం కాకతాళీయమని మనవి.

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండే మా బావమరిది ఏడాదిగా ఈ మీటల మీద పరిశోధన సాగిస్తున్నాడు. అతను కోరేది గెలుపు కాదట, వాస్తవికత అట. 2024లో అమెరికా మేజర్ లీగ్ మొత్తం మీద బ్యాటింగ్ సగటు, అంటే బంతిని కొట్టి బేస్ చేరిన అవకాశాల వాటా, 0.243 కాబట్టి, తాను నడిపే టెక్సాస్ రేంజర్స్ జట్టు సగటు కూడా ఆ అంకె దగ్గరే ఆగాలన్నది అతని వ్రతం. కోట్లు గడించే మొనగాళ్లే నాలుగింట మూడుసార్లు తలవంచుకుని వెనక్కి నడిచే ఆట ఇది. అంత ఓటమిని కోరి తెచ్చుకుంటానన్న మనిషిని చూసి మొదట నేను ముచ్చటపడ్డాను కూడా.

ఆ ముచ్చట వారింట్లో గడిపిన మొదటి శుక్రవారం రాత్రే తీరింది. మూడు ఆటలు ఆడేసరికి సగటు 0.310 వచ్చింది. “మరీ తేలికైపోయింది బావా” అని నిట్టూర్చి, బంతి తగిలే మీటను ఐదు నుంచి నాలుగుకు దించి, ఆ సంగతి ఎక్సెల్ పట్టికలో తేదీతో సహా నమోదు చేశాడు. తర్వాతి మూడు ఆటల్లో సగటు 0.196కు పడిపోయింది. ఐదుకీ నాలుగుకీ నడుమ నాలుగున్నర పెట్టని తయారీదారులు మానవజాతికి ద్రోహం చేశారని తేల్చి, నాలుగును అలాగే ఉంచి, టైమింగ్ మీటను ఒక మెట్టు ఎక్కించాడు. 0.288. దూరం మీటను ఒక మెట్టు దించాడు. 0.221. వంటింట్లోంచి మా చెల్లెలు, అంటే అతని భార్య, “ఏవండీ, పప్పుచారు రెండోసారి వేడిచేశాను, మూడోసారి చెయ్యను” అని ప్రకటించింది. ఆ ఇంట్లో నాకు కనబడిన వాస్తవికత అదొక్కటే.

మూడు ఆటలంటే జట్టుకు సుమారు వంద అట్‌బ్యాట్లు, అంటే సగటు లెక్కకు వచ్చే బ్యాటింగ్ అవకాశాలు. మీటల జోలికి ఎవరూ పోకుండా వదిలేసినా, వంద అవకాశాల్లో ఒకసారి 0.200, మరోసారి 0.290 రావడం వింతేమీ కాదు. అదృష్టం ఊగుతూ ఉంటే, దాని వెనకే మీటలు ఊపుకుంటూ పరుగెత్తేవాణ్ని పరిశోధకుడనాలా, ఉయ్యాల అనాలా?

ఈ మాటంటే అతని దగ్గర చరిత్ర సిద్ధంగా ఉంటుంది. 1968లో లీగ్ సగటు 0.237కు పడిపోయి, పిచర్ బాబ్ గిబ్సన్ ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున తన ఖాతాలో ఇచ్చిన పరుగులు) 1.12తో బ్యాటర్లను ఏడిపించినప్పుడు, పిచర్ నిలబడే దిబ్బను 15 అంగుళాల నుంచి 10కి దించి, బంతి మంచిదో చెడ్డదో తేల్చే స్ట్రైక్ జోన్‌ను కుదించినది సాక్షాత్తూ లీగే కదా అంటాడు. నిజమే, 1969లో దించారు. కాని ఒక్కో జట్టు 162 ఆటల సీజన్ పూర్తిగా ఆడాక దించారు నాయనా, పప్పుచారు చల్లారేలోగా కాదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. మర్నాడు అతని తొమ్మిదేళ్ల కూతురు కంట్రోలర్ తీసుకుంది. పాప వారాంతాల్లో సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. అక్కడ చెడ్డ బంతిని వదిలేయమని నేర్పారు గనక బుద్ధిగా చూస్తూ నిలబడింది. కంప్యూటర్ పిచర్ మూడు బంతులూ నడిమధ్యనే వేసి, మూడు మంచి బంతులు వదిలితే అవుటే గనక, పంపించేశాడు. ఆమె వరసగా నలుగురితో అలాగే నిలబడింది, నలుగురూ అవుట్. “వీడికి ఎప్పుడూ గురి తప్పదేంటి?” అని అడిగింది. ఏడాది పరిశోధనలో తండ్రికి తట్టని ప్రశ్న అది. అసలు లీగ్‌లో బ్యాటర్ వందసార్లు నిలబడితే ఎనిమిది సార్లయినా నాలుగు చెడ్డ బంతులు వదిలి, వాక్ సంపాదించి, ఫస్ట్ బేస్‌కు నడుచుకుంటూ పోతాడు. అరసెకను కూడా లేని వ్యవధిలో కొట్టకూడదని నిశ్చయించుకోవడానికి అతనికి ఏళ్లు పట్టి ఉంటుంది. ఆ కంటిని, ఆ నిగ్రహాన్ని గుంట తీసి పూడ్చిపెట్టి, సగటు 0.243 వచ్చిందని చంకలు గుద్దుకుంటారా? సిగ్గుండాలి! వాక్ లేని బేస్‌బాల్‌లో మీ సగటు ఎంతైతే ఎవడికి కావాలి? పట్టికలో పద్నాలుగు గళ్లున్నాయి. వాక్‌లకు ఒక్క గడీ లేదు.

నా కేకలకు జడిసి, ఆ రాత్రే అతను పిచర్ గురి మీటను మూడు మెట్లు దించాడు. బంతులు చక్కగా పక్కకు పోసాగాయి. ఒకటి నేల మీద దొర్లింది, ఇంకొకటి భుజం ఎత్తున పోయింది. మా బావమరిది అన్నింటికీ బ్యాటు ఊపాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌లో 17 స్ట్రైకవుట్లు (మూడేసి స్ట్రైకులకు అవుట్లు), వాక్‌లు సున్నా. రాత్రి ఒంటిగంటకు నా గది తలుపు తట్టి, “బావా, గురి మీట పనిచేస్తున్నట్టు లేదు” అన్నాడు.