డోర్ ప్యాడ్ పీకి స్ప్రే కొడితే లాక్ రెడీ అంట!

వారం రోజుల్లో మూడు గ్రూపుల్లో చూశాను ఈ మెసేజ్‌ని. మా చుట్టాల గ్రూపులో ఒకసారి, మిల్లు వాళ్ల గ్రూపులో ఒకసారి, ఆఖరికి చిన్నప్పటి స్కూలు దోస్తుల గ్రూపులో కూడా. చూడనివాళ్ల కోసం అందులో ఉన్నది ఇది: "కారు డోర్ లాక్ పడట్లేదా? షెడ్డుకు పోతే ఐదు వేలు గుంజుతారు. డోర్ ప్యాడ్‌కు ఉండేవి రెండే స్క్రూలు, విప్పి గట్టిగా లాగితే ఊడొస్తుంది. లోపలి ప్లాస్టిక్ కవర్ కంపెనీ ప్యాకింగ్, పీకి పారేయండి. లాక్ మీద డబ్ల్యూడీ-40 కొట్టండి. పది నిమిషాల పని. ఎయిర్‌బ్యాగ్ కార్లకూ ఏ ఇబ్బందీ లేదు. పదిమందికి పంపండి." (డోర్ ప్యాడ్ అంటే డోర్‌కు లోపలి వైపు బిగించి ఉండే తొడుగు.)

నేను మెకానిక్‌ను కాదు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో మోటార్లు, ప్యానెల్ బోర్డులు చూసుకునే ఎలక్ట్రీషియన్‌ని. నా కారు నాలుగు డోర్లూ ఏదో ఒక టైమ్‌లో నేనే విప్పి బిగించినవాణ్ణి కాబట్టి, సొంతంగా చేయకండి, షోరూమ్‌కే పోండి అని చెప్పడానికి ఇది రాయట్లేదు. చేసుకోవచ్చు, నేర్చుకుంటే సుఖం కూడా. ఈ మెసేజ్ చెప్పినట్టు మాత్రం చేయొద్దు, ఎందుకంటే దేవరకొండలో ఉండే మా బామ్మర్ది అచ్చం అట్లనే చేశాడు, ఆ కథ కింద చెప్తా.

మొదటి తప్పు ఆ మెసేజ్‌లో రాసినదాంట్లో కాదు, రాయనిదాంట్లో ఉంది. లాక్ పడట్లేదంటే నేరుగా ప్యాడ్ విప్పడమేనా? అసలు ఏ లాక్ పడట్లేదు, ఒక్క డోరా, నాలుగూనా? చేత్తో తాళం తిప్పితే పడుతుందా, రిమోట్‌తోనే పడట్లేదా? లోపలి నుంచి తెరుచుకోవట్లేదా, బయటి నుంచా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలుసుకోకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవడం దండగ. మా మిల్లు గుమస్తా గారు వెనక డోర్ లోపలి నుంచి రావట్లేదని ఒక ఆదివారం పొద్దంతా ప్యాడ్ విప్పి కూర్చున్నాడు. తీరా చూస్తే డోర్ అంచున ఉండే చైల్డ్ లాక్ మీట పైకి ఉంది, మనవడు ఎప్పుడో కదిపాడు. వేలితో కిందికి నొక్కితే పోయేదానికి రెండు క్లిప్పులు విరిగాయి.

నాలుగు డోర్లూ ఒకేసారి మొరాయిస్తే, లాక్‌లను కదిపే మోటార్లన్నీ ఒకే రోజు పోవు కదా, ముందు ఫ్యూజ్ చూడాలి. డ్రైవర్ పక్కన బటన్ నొక్కితే పడుతూ రిమోట్‌కు మాత్రమే పడకపోతే రిమోట్‌లో సెల్ అయిపోయి ఉంటుంది. చాలా రిమోట్లలో సీఆర్2032 రకం 3 వోల్టుల సెల్ ఉంటుంది, పాతదాని మీద నంబరు చూసి తెచ్చుకుంటే చాలు. ఒక డోర్‌లో లాక్, గ్లాస్ స్విచ్, స్పీకర్ మూడూ ఒకసారి పనిచేసి ఒకసారి పనిచేయకపోతే, డోర్ సగం తెరిస్తే వచ్చి పూర్తిగా తెరిస్తే పోతుంటే, డోర్‌కూ బాడీకీ మధ్య ఉండే నల్ల రబ్బరు గొట్టంలో వైరు తెగినట్టే. డోర్ తీసినప్పుడల్లా ఆ వైర్లు వంగుతాయి, పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి తెగి ఉంటుంది. ఇంక డోర్ గట్టిగా కొడితేనే పడుతుందంటే, తెరిచిన డోర్‌ని కింద నుంచి పైకి ఎత్తి చూడండి. కదిలితే హింజ్ (డోర్‌ను బాడీకి పట్టి ఉంచే బందు) అరిగి డోర్ కిందికి జారింది, లాక్ తప్పేం లేదు. వీటిలో దేనికీ ప్యాడ్ విప్పే పని లేదు.

ఇప్పుడు మెసేజ్‌లో ఉన్నవి.

"రెండే స్క్రూలు, గట్టిగా లాగండి." రెండు స్క్రూలు కనిపించేవి. కనిపించనివి వేరే ఉంటాయి. లోపలి హ్యాండిల్ వెనక చిన్న ప్లాస్టిక్ మూత కింద ఒకటి, డోర్ లాగి మూసుకునే గుంటలో రబ్బరు ముక్క కింద ఒకటో రెండో, కొన్నింటికి అద్దం దగ్గర మూడు మూలల ముక్క వెనక, కొన్నింటికి డోర్ అంచున. చేత్తో తిప్పే గ్లాస్ అయితే ఆ హ్యాండిల్ స్క్రూతో ఉండదు, వెనక గుర్రపు నాడా ఆకారంలో స్ప్రింగ్ క్లిప్ ఉంటుంది, పాత గుడ్డ పీలికను హ్యాండిల్ వెనక నుంచి దూర్చి అటూ ఇటూ లాగితే ఎగిరి బయట పడుతుంది (ఎక్కడ పడిందో చూసుకోండి, నాది ఇప్పటికీ దొరకలేదు). ఇవన్నీ తీశాక చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులు ఉంటాయి. మామూలు బలానికి రాలేదంటే ఇంకో స్క్రూ ఎక్కడో మిగిలిందని అర్థం, ఇంకా గట్టిగా లాగమని కాదు. రోహిణిలో రోళ్లు పగులుతాయనే ప్రాంతం మనది. 44, 45 డిగ్రీల ఎండలో ఏళ్ల తరబడి నిలబడిన కారులో ప్లాస్టిక్ క్లిప్పులు పెళుసుబారి ఉంటాయి. కింది మూల నుంచి, క్లిప్ ఉన్న చోటుకు దగ్గరగా, గుడ్డ చుట్టిన పలుచని పట్టీతో ఒక్కొక్కటే లేపాలి. అయినా రెండు మూడు పోతాయి. ముందే ఒక పాత క్లిప్ శాంపిల్ పట్టుకెళ్లి అరడజను తెచ్చుకోండి. అన్నీ వచ్చాక ప్యాడ్‌ని పక్కకు గుంజకూడదు, చాలా వాటికి పై అంచు గ్లాస్ పట్టీ మీద వేలాడుతుంటుంది, పైకి ఎత్తాలి. వెనక హ్యాండిల్ కేబుల్, స్విచ్ వైర్లు తగిలి ఉంటాయి, ఒక్క గుంజుకు అవి కూడా ఊడొస్తాయి.

"ప్లాస్టిక్ కవర్ కంపెనీ ప్యాకింగ్." ఇది చదివి నిజంగా నవ్వొచ్చింది. తర్వాత కోపం వచ్చింది, ఎందుకంటే పదేళ్ల కింద నేనూ అచ్చం ఇట్లనే అనుకుని చింపేశాను. కొత్త ఫ్రిజ్ మీద అంటించిన కవర్ లాంటిది కాదు అది. కారు డోర్ లోపలికి నీళ్లు రావడం మామూలు విషయం. గ్లాస్ పక్కన రబ్బరు ఎంత బాగున్నా వాన నీళ్లు, కడిగిన నీళ్లు గ్లాస్ వెంట లోపలికి జారుతాయి, డోర్ అడుగున రంధ్రాలు ఉంటాయి, వాటి నుంచి కారిపోతాయి. కారు తయారుచేసినవాళ్లకు ఇది తెలుసు. ఆ నీళ్లు ఇటు ప్యాడ్ వైపు, సీట్ల వైపు రాకుండా ఆపేది ఆ పలుచని షీటు ఒక్కటే. నల్లటి జిగురు తాడుతో చుట్టూ అంటించి ఉంటుంది, కింది అంచు డోర్ లోపలికి దోపి ఉంటుంది, షీటు మీద పడ్డ చుక్క మళ్లీ డోర్ లోపలికే పడాలని.

నేను చింపింది ఎండాకాలంలో. రెండు నెలలు ఏమీ కాలేదు, మనది వానలు తక్కువ పడే జిల్లా, ఏమవుతుందిలే అనుకున్నా. మృగశిర కార్తెలో మొదటి గట్టి వాన పడ్డాక కారులో నానిన గోనె సంచి వాసన. ఎక్కడి నుంచో తెలియలేదు. ఏసీ అనుకున్నా, ఏసీ సర్వీసింగ్ చేయించాను, డబ్బులు పోయాయి, వాసన పోలేదు. చివరికి కాళ్ల కింద మ్యాట్ ఎత్తితే కార్పెట్ తడి ముద్ద. ప్యాడ్ వెనక అట్ట ఉబ్బి స్పీకర్ దగ్గర విచ్చుకుంది. తర్వాత మందపాటి పాలిథిన్ షీటు కొలత పెట్టి కోసి, బ్యూటైల్ టేపుతో (నల్లటి జిగురు రబ్బరు టేపు) అంటించి, కింది అంచు లోపలికి దోపాను. ఇప్పటివరకు బాగానే ఉంది. కాబట్టి చింపకండి. జిగురు తాడు మీద పాత బ్లేడుతో మెల్లగా కోస్తూ పోతే షీటు చెక్కుచెదరకుండా వస్తుంది, కావాల్సినంత మేరకు మడిచి టేపుతో పైకి అంటించుకోండి, పని అయ్యాక మళ్లీ ఒత్తండి.

"డబ్ల్యూడీ-40 కొట్టండి." ఆ డబ్బా మీద నాకు కోపం లేదు, మిల్లులో రోజూ వాడతాను. పేరులోనే ఉంది సంగతి, వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, అంటే తడిని తోసేయడం, 40వ ప్రయత్నంలో కుదిరిన ఫార్ములా. 1953లో అమెరికాలో తుప్పు రాకుండా ఉండేందుకు తయారు చేశారు. బిగుసుకున్నదాన్ని వదులు చేస్తుంది, పాత మురికిని కడుగుతుంది. దాంతోపాటు లాచ్‌లో (డోర్ మూసినప్పుడు బాడీకి ఉన్న కొక్కేన్ని పట్టుకునే భాగం) ఉన్న గ్రీజును కూడా కడుగుతుంది. మొదటి వారం లాక్ వెన్నలా కదులుతుంది, "చూశావా, పనిచేసింది" అని గ్రూపులో పెడతారు. ఆ తర్వాత గ్రీజు లేని ఇనుము, దాని మీద మన దుమ్ము. మా మిల్లు ఆవరణలో నిలబెట్టే కార్లకైతే ఊక, తవుడు కూడా. కొట్టదలుచుకుంటే కొట్టండి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఆ తర్వాత వైట్ లిథియం గ్రీజు పెట్టండి. ఆ కంపెనీయే లిథియం గ్రీజును వేరే డబ్బాలో అమ్ముతుంది, మొదటి డబ్బాతోనే అన్నీ అయ్యేటట్టుంటే ఆ రెండోది ఎందుకు? అదీగాక మోటారు కాలిపోతే, హ్యాండిల్‌ను లాచ్‌కు కలిపే రాడ్ క్లిప్ విరిగితే ఏ స్ప్రే ఏం చేస్తుంది.

మోటారు సంగతి చూడటానికి ఒక చిన్న ఉపాయం. లాక్ మోటారుకు కరెంటు ఒక్క క్షణమే వస్తుంది, లాక్‌కు ఒక దిశలో, అన్‌లాక్‌కు దాని తిరగేసి. డిజిటల్ మీటరు పెడితే అంకె చూపేలోపే అయిపోతుంది. మోటారు కనెక్టర్ ఊడదీసి, ఆ రెండు వైర్ల మధ్య చిన్న 12 వోల్టుల బల్బు పెట్టి బటన్ నొక్కండి. మిణుక్కుమంటే కరెంటు వస్తోంది, మోటారే పోయింది. మిణుక్కుమనకపోతే మోటారు కొనకండి, తప్పు వైర్లోనో ఫ్యూజ్‌లోనో ఉంది.

"ఎయిర్‌బ్యాగ్ కార్లకూ ఏ ఇబ్బందీ లేదు." దీంట్లో సగం నిజం ఉంది, అదే ప్రమాదం. ముందు రెండు ఎయిర్‌బ్యాగులు స్టీరింగ్‌లో, డ్యాష్‌బోర్డులో ఉంటాయి, వాటికీ డోర్‌కూ సంబంధం లేదు. పక్క ఎయిర్‌బ్యాగులు ఉన్న కార్లలో అవి ఎక్కువగా సీటు పక్కన, పైకప్పు అంచున ఉంటాయి. కానీ కొన్ని కార్లలో పక్క నుంచి గుద్దితే పసిగట్టే సెన్సార్ డోర్ లోపలే ఉంటుంది. అందుకని బ్యాటరీ మైనస్ తీగ తీసి కొన్ని నిమిషాలు ఆగి మొదలుపెట్టండి. పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే ముట్టొద్దు, పైన చెప్పిన బల్బు అక్కడ అసలే పెట్టొద్దు. బల్బు పరీక్షకు బ్యాటరీ మళ్లీ తగిలించాలి కాబట్టి పసుపు కనెక్టర్లన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయో లేదో చూసుకుని తగిలించండి.

"పది నిమిషాల పని." ఇక మా బామ్మర్ది దగ్గరికి వద్దాం. అతనూ పది నిమిషాలే అనుకున్నాడు. డ్రైవర్ డోర్ ప్యాడ్ తీశాడు, స్ప్రే కొట్టాడు, లాచ్ బయటికి తీయబోయి ఒక స్క్రూ డోర్ లోపల పడేసుకున్నాడు, మిగిలిన రెండింటితో బిగించాడు, ప్యాడ్ పెట్టాడు, టక్కున డోర్ మూశాడు. అంతే. బయటి హ్యాండిల్ లాగితే రాదు, లోపలిది లాగితే రాదు. లాచ్‌కు వెళ్లే రాడ్లు రెండూ వాటి ప్లాస్టిక్ క్లిప్పుల్లో కూర్చోలేదు, ఊరికే ఆనించి పెట్టాడు. డోర్ మూసి ఉంటే ప్యాడ్ తీయడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు, దాని అంచులన్నీ బాడీకి ఒత్తుకుని, ఒక పక్క సీటు అడ్డం ఉంటుంది. అట్లనే కారు తోలుకుంటూ మా ఇంటికి వచ్చాడు. హారన్ కొట్టి ఫోన్ చేశాడు: "బావా, నేనొచ్చిన. జర ఆగు, అటు పక్క నుంచి దిగాలె." మనిషి ఆరడుగులు, కారు చిన్నది, గేర్ రాడ్ మధ్యలో. మా చెల్లెలి పెళ్లప్పుడు కూడా మా ఇంట్లో అందరూ ఒకేసారి అంత నవ్వలేదు.

మర్నాడు షెడ్డులో గ్లాస్ కిందికి దించి, ఆ సందులోంచి వంచిన తీగ వేసి రాడ్ పట్టుకోవడానికే రెండు గంటలు పట్టింది.

కాబట్టి ఈ ఒక్క ముక్క ఆ మెసేజ్‌లో ఉండి ఉంటే మిగతా తప్పులన్నీ క్షమించేవాణ్ణి: డోర్ మూయకుండా లాక్‌ను పరీక్షించండి. డోర్ బార్లా తెరిచి ఉండగానే, గ్లాస్ పైకి ఎత్తి, ప్యాడ్ బిగించకముందే, లాచ్ నోట్లో ఉండే ఇనుప నాలుకను స్క్రూడ్రైవర్‌తో నొక్కండి. టక్, టక్ అని రెండు మెట్లు పడాలి, అంటే డోర్ మూసుకున్నట్టు లెక్క. ఇప్పుడు బయటి హ్యాండిల్ లాగండి, నాలుక వదలాలి. మళ్లీ నొక్కి లోపలి హ్యాండిల్. మళ్లీ నొక్కి తాళంతో లాక్ చేసి బయటి హ్యాండిల్ లాగండి, వదలకూడదు, అన్‌లాక్ చేసి లాగితే వదలాలి. రిమోట్‌తోనూ అట్లనే. నాలుగూ సరిగ్గా ఉంటేనే ప్యాడ్ ఎత్తుకోండి. చివరిసారి నాలుక వదిలి ఉందో లేదో చూసుకుని డోర్ మూయండి, లేకపోతే అది బాడీకి ఉన్న కొక్కేన్ని గుద్దుతుంది. మొదటిసారి చేసేవాళ్లకు మొత్తం రెండు మూడు గంటలు, పొద్దున నీడలో. చేతులకు గ్లౌజులు, డోర్ లోపలి రేకు అంచులు కొడవలిలా ఉంటాయి.

"షెడ్డుకు పోతే ఐదు వేలు గుంజుతారు." గుంజేవాళ్లు లేరని అనను. మార్చిన పాత సామాను నా చేతికి ఇవ్వండి అని ముందే అడిగితే చాలావరకు లెక్క సరిగ్గానే ఉంటుంది. మా బామ్మర్దికి ఆ రెండు గంటల పనికి షెడ్డతను తీసుకున్నది ఆరు వందలు, రాడ్ క్లిప్పులతో కలిపి. లోపల పడిన స్క్రూ మాత్రం అయస్కాంతానికి కూడా దొరకలేదు. ఇప్పటికీ కొండమల్లేపల్లి దాటి మలుపు తిరిగినప్పుడల్లా ఆ డోర్‌లో గలగలమంటుంది, మా చెల్లెలు రేడియో సౌండ్ పెంచుతుంది.