బోరు కంటే లోతుకు దిగిన ట్యాంకు స్టాండు

హైదరాబాదులో వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకుకు స్టాండు కావాలంటే మామూలుగా జరిగే తతంగం చాలా చిన్నది. బాలానగర్‌లో ఏదో ఒక వెల్డింగ్ షెడ్డు ముందు బండి ఆపి, "కాకా, వెయ్యి లీటర్లది, అయిదడుగుల ఎత్తు" అంటే చాలు. కాకా సుద్దముక్కతో నేల మీద నాలుగు గీతలు గీస్తాడు, 50-50-6 యాంగిల్ (రెండు రెక్కలూ 50 మి.మీ., మందం 6 ఉన్న L ఆకారపు ఇనుప బద్ద) కోస్తాడు, పొద్దుగూకేలోపు రెడ్ ఆక్సైడ్ పూసి ట్రాలీ ఆటో ఎక్కిస్తాడు. ఆ స్టాండు ఇరవై ఏళ్ళు నిలబడుతుంది. ఎందుకు నిలబడిందని ఎవరూ అడగరు.

ఈసారి ఒకాయన అడిగాడు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ గారు, రిటైరైన ఆఫీసరు. స్టాండు ఆర్డరిస్తూ "బరువుకు ఆగుతుందని కంప్యూటర్ రిపోర్టు కూడా కావాలి, రంగులున్నది" అన్నారు. షెడ్డు మీద డ్రాయింగ్ ఆఫీసుంది. అందులో అమీర్‌పేటలో మూణ్ణెల్ల కోర్సు చేసొచ్చిన కుర్ర ఇంజనీరున్నాడు. ఇంకేం కావాలి!

కుర్రాడు మోడల్ చక్కగానే గీశాడు. నాలుగు కాళ్ళు ఒక్కోటి 1500 మి.మీ., పైన 1100 చదరపు ఫ్రేము, కింద అంతే ఇంకో చుట్టు. మొత్తం 14.8 మీటర్ల యాంగిల్. మీటరుకు 4.5 కేజీల చొప్పున స్టాండు బరువు సుమారు 67 కేజీలు. పైన నీళ్ళు వెయ్యి కేజీలు, అంటే 9,810 న్యూటన్లు. మెష్ కొట్టాడు, అంటే లెక్కకు వీలుగా మోడల్‌ను చిన్న చిన్న ముక్కలు చేశాడు, రన్ నొక్కాడు, చాయ్ తాగొచ్చాడు. వచ్చేసరికి ఫలితం సిద్ధం.

"అన్నా, వంపు 1.3 మిల్లీమీటర్లే. ఫుల్ సేఫ్."

సీనియర్ కళ్ళజోడు సర్దుకుని స్క్రీన్ దగ్గరకు వంగాడు. "గా 1.3 ఎనక ఈ ప్లస్ 07 అని ఉంది జూడు. గదేంది తమ్మీ?"

ఆ చిన్న తోకకు అర్థం, పదితో ఏడుసార్లు గుణించమని. 1.3 కోట్ల మిల్లీమీటర్లు, అంటే 13 కిలోమీటర్లు. అడ్డంగా పోయుంటే దాదాపు బాలానగర్ నుంచి చార్మినార్ దాకా వెళ్ళేది, పోనీ బిర్యానీ అయినా తినొచ్చేది. బాణం గుర్తు కిందికి చూపిస్తోంది. పై ఫ్రేములోని ఒక యాంగిల్ భూమిలోకి 13 కిలోమీటర్లు దిగిపోయింది. రష్యాలో కోలా దగ్గర ఏళ్ళ తరబడి దొలిచిన బోరు 12,262 మీటర్ల దగ్గర ఆగిపోయింది. మన నగరంలో వెయ్యి అడుగులు వేసినా చుక్క పడని బోర్లకు లెక్కే లేదు. ట్యాంకు స్టాండు మాత్రం ఒక్క క్లిక్కుతో వాటన్నిటినీ దాటేసింది.

జరిగిందేమిటంటే, ఆ యాంగిల్‌కూ కాళ్ళకూ మధ్య మోడల్‌లో 0.3 మి.మీ. సందుంది. కంటికి కనబడదు. సాఫ్ట్‌వేర్ దాన్నంతా "బాండెడ్" అని అతికిస్తుంది నిజమే, కానీ ముఖాలు తగులుతుంటేనో, సందు దాని టాలరెన్స్‌లో, అంటే అది ఒప్పుకునే హద్దులో, ఉంటేనో. లేకపోతే ఆ ముక్క గాల్లో వేలాడుతున్నట్టే. దాని మీదే బరువు పెడితే పడక ఏం చేస్తుంది? మామూలుగా అయితే లెక్క కట్టే సాల్వర్ "ఇది కదిలిపోతోంది మహాప్రభో" అని ఆగిపోయేది. కుర్రాడు ఎక్కడో చూసి "సాఫ్ట్ స్ప్రింగ్" ఆప్షన్‌కు టిక్కు పెట్టి ఉంచాడు. ఆ లేత స్ప్రింగులు యాంగిల్‌ను పట్టుకున్నట్టే నటించి, 13 కిలోమీటర్ల దాకా జారవిడిచాయి. ఎర్రర్ రాకుండా చేసే టిక్కులన్నీ ఇలాంటివే. నొప్పి తెలియకుండా చేస్తాయి, జబ్బు అలాగే ఉంటుంది.

ఏ ముక్క వదులైందో కనిపెట్టడానికి మోడల్‌ను భూతద్దంతో వెతకనక్కర్లేదు. బరువులు తీసేసి, ఆ సాఫ్ట్ స్ప్రింగ్ టిక్కూ తీసేసి, ఫ్రీక్వెన్సీ ఎనాలిసిస్ పెట్టాలి, అంటే స్టాండు ఏయే వేగాలతో ఊగుతుందో చూడాలి. పట్టులేని ముక్కకు ఆ వేగం సున్నా. సరిగ్గా బిగించిన స్టాండుకు మొదటి ఫ్రీక్వెన్సీయే సున్నా కంటే స్పష్టంగా పైన ఉంటుంది. ఇక్కడ మొదటి ఆరూ సున్నా దగ్గరే వచ్చాయి. ఒక వస్తువు పూర్తిగా విడిపోతే మూడు వైపుల జరగడం, మూడు వైపుల తిరగడం, మొత్తం ఆరు. అంటే సరిగ్గా ఒకే ముక్క ఊడింది. యానిమేషన్ ఆడిస్తే అదే వచ్చి చేయెత్తింది, తక్కినవన్నీ కదలకుండా నిలబడి ఉండగా అదొక్కటే బోనాల్లో పోతరాజులా ఊగుతూ.

సందు మూశారు. మళ్ళీ రన్. ఈసారి 5,200 మి.మీ. ఈ ప్లస్‌లు లేవు, కుర్రాడికి ధైర్యమొచ్చింది. "గతంతో పోలిస్తే మస్తు తగ్గిందన్నా."

తగ్గడం తగ్గింది. 1500 ఎత్తున్న స్టాండు 5,200 వంగితే, ట్యాంకు స్లాబు చీల్చుకుని, పై ఫ్లాటు వాళ్ళ హాలు దాటి, వాళ్ళ కిందింటి ఫ్యాను మీద కూర్చుంటుంది. మధ్యలో సాఫ్ట్‌వేర్ మర్యాదగా ఒక డబ్బా తెరిచి అడిగింది కూడా: వంపు పెద్దదిగా ఉంది, లార్జ్ డిస్‌ప్లేస్‌మెంట్ (పెద్ద వంపుల లెక్క) ఆన్ చేయమంటారా అని. కుర్రాడు వద్దన్నాడు. ఆ డబ్బా అడిగితే ఆన్ చేయాలా వద్దా అన్నది తర్వాతి సంగతి. ట్యాంకు స్టాండుకు ఆ ప్రశ్నే రాకూడదు. వచ్చిందంటే ఇన్‌పుట్‌లో ఏదో తప్పుంది.

సీనియర్ అప్పుడు చాయ్ బిల్లు వెనక్కి తిప్పాడు. ఈ వృత్తిలో అంతకంటే నమ్మకమైన సాఫ్ట్‌వేర్ లేదు. బరువు నాలుగు అంచు యాంగిళ్ళకు సమానంగా పంచితే ఒక్కోదానికి 2,452 న్యూటన్లు. పొడవు 1100. బెండింగ్ మూమెంట్, అంటే వంచే ప్రభావం, బరువు ఇంటూ పొడవు బై ఎనిమిది, సుమారు 3,37,000 న్యూటన్ మిల్లీమీటర్లు. 50-50-6 సెక్షన్ మాడ్యులస్, అంటే ఆ ఆకారం వంచడాన్ని తట్టుకునే కొలత, 3,600. భాగిస్తే స్ట్రెస్, అంటే లోహం లోపలి ఒత్తిడి, 94 మెగాపాస్కల్. వంపు, కొసలు ఊరికే ఆనించినట్టు లెక్కిస్తే, 1.65 మి.మీ. వెల్డు పట్టు ఉంటుంది కాబట్టి కొంచెం తగ్గాలి. యాంగిల్ కాబట్టి కాస్త మెలి కూడా తిరుగుతుంది, అది వేరే గోల. ఎటు చూసినా జవాబు ఒకటికీ రెండుకూ మధ్య ఎక్కడో ఉండాలి.

"మెటీరియల్ తెరువు తమ్మీ."

తెరిచారు. కుర్రాడు లైబ్రరీలోని స్టీలును నమ్మక సొంతంగా ఒకటి తయారుచేశాడు. యంగ్స్ మాడ్యులస్ (పదార్థం సాగకుండా ఎంత బిగువుగా ఉంటుందో చెప్పే సంఖ్య) 200. స్టీలుకు 200 సరైనదే, గిగాపాస్కల్ అయితే. పక్క గడిలో మాత్రం మెగాపాస్కల్ అని ఉంది, అంటే వెయ్యో వంతు. అంటే స్టాండు కట్టింది స్టీలుతో కాదు, కూరగాయల సంచీల జాతి ప్లాస్టిక్‌తో. 200ను 2,00,000 చేయగానే 5,200 కాస్తా 5.2 అయ్యింది. విచిత్రమేమిటంటే స్ట్రెస్ అంగుళం కూడా కదల్లేదు. ఒకే పదార్థంతో చేసిన దాని మీద ఇంత బరువని పెట్టినప్పుడు లీనియర్ లెక్కలో స్ట్రెస్‌కు మాడ్యులస్‌తో పనిలేదు. బరువును మోయాల్సిందే, రబ్బరైనా ఉక్కైనా. అందుకే వంపు వెర్రిగా ఉండి, సరిదిద్దినా స్ట్రెస్ మారకపోతే దొంగ మెటీరియల్ గడిలోనే ఉన్నట్టు.

5.2 అంటే చాయ్ బిల్లు చెప్పినదానికి ఇంకా మూడు రెట్ల పైనే. ఇక్కడ రంగులు చూసి ప్రయోజనం లేదు, రియాక్షన్లు చూడాలి. కాళ్ళ కింద నేల పైకి నెట్టే బలమంతా కలిపితే, పైనుంచి పెట్టిన బరువుకు సమానం కావాలి. నీళ్ళు 9,810, స్టాండు సొంత బరువు దాదాపు 653, కలిపి 10,463 రావాలి. వచ్చింది 39,893. తీసేసి చూస్తే తేడా 29,430, అంటే సరిగ్గా మూడు ట్యాంకులు ఎక్కువ. బరువు పెట్టే డబ్బాలో నాలుగు ముఖాలు ఎంచుకుని 9,810 కొట్టాడు, కింద "పర్ ఐటెమ్" అన్న చుక్క నొక్కి ఉంది. నాలుగు ముఖాలకూ ఒక్కో ట్యాంకు. "టోటల్" అన్న చుక్క దానికి అర అంగుళం పక్కనే ఉంటుంది. ఏళ్ళ తరబడి ఈ పని చేసేవాళ్ళను కూడా ఆ అర అంగుళం ముంచుతుంది, వాళ్ళు బయటికి చెప్పరంతే.

చుక్క మార్చారు. వంపు 1.3 మి.మీ. మొదట కుర్రాడు చదివిన సంఖ్యే. "నేను పొద్దుగాలే చెప్పిన గదన్నా" అన్నాడు. సీనియర్ ఏమీ అనలేదు, చాయ్ బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ ఉత్సాహంలో కుర్రాడు స్క్రీన్‌షాట్ తీసి సెక్రటరీ గారికి వాట్సాప్ చేశాడు. రెండు నిమిషాల్లో ఫోను. "ఏమిటయ్యా ఇది? కాళ్ళు అప్పుడే పుట్టిన లేగదూడలా విరుచుకున్నాయి, నడుం ఊయలలా వేలాడుతోంది, పైగా ఎర్రగా కాలుతోంది! దీన్ని మా టెర్రస్ మీద పెడతారా?"

ఆయన తప్పేం లేదు. 1.3 మి.మీ. కంటికి కనబడదని సాఫ్ట్‌వేరే దాన్ని 120 రెట్లు పెంచి చూపించింది. ఆ సంగతి బొమ్మ మూలన చీమ అక్షరాల్లో ఉంటుంది, వాట్సాప్‌లో అదీ చెదిరిపోతుంది. బయటివాళ్ళకు పంపేటప్పుడు స్కేలు 1కి మార్చి పంపాలి. ఎరుపు సంగతీ అంతే. ఆ బొమ్మలో స్ట్రెస్ అన్నిటికంటే ఎక్కువున్న చోటుకు ఎరుపు వేస్తుంది, అది 5 అయినా 500 అయినా. స్టీలు యీల్డు, అంటే శాశ్వతంగా వంగిపోవడం మొదలయ్యే స్ట్రెస్, 250 మెగాపాస్కల్ అనుకుంటే, అందులో మూడింట రెండొంతులు 165ను రంగుల పట్టీ పైకొసకు కట్టేయాలి. అప్పుడు ఎరుపు కనబడితే భయపడొచ్చు. అలా కడితే స్టాండంతా నీలం, ఆకుపచ్చ. ఒక్క మూలలో మాత్రం చిన్న పసుపు చుక్క: 140.

ఆ చుక్క దగ్గర కుర్రాడికి శ్రద్ధ పుట్టింది. సరిగ్గా తెలుసుకుందామని అక్కడ మెష్ ముక్కల సైజును 10 మి.మీ. నుంచి 5కు తగ్గించాడు. 192. ఇంకా సన్నగా, 2.5. 263! 1.25. 360! స్టీలు యీల్డు దాటిపోయింది. గాబరాగా యాంగిల్‌ను 6 నుంచి 8 మందానికి మార్చాడు, మీటరుకు 5.8 కేజీలు, మొత్తం 19 కేజీలు ఎక్కువ. రెండు రన్‌లు చల్లబడి, మెష్ ఇంకొంచెం సన్నం చేయగానే మళ్ళీ ఎరుపు. ఈ లెక్కన రాణీగంజ్‌లో ఇనుప దుకాణాల వాళ్ళు కుర్రాడికి సన్మానం చేసేవారు.

సీనియర్ ఆ నాలుగు సంఖ్యలూ చూసి నవ్వాడు. 140, 192, 263, 360. ప్రతిదీ ముందుదానికి 1.37 రెట్లు. లోపలి మూల సూదిగా, 90 డిగ్రీల్లో ఉంటే, మెష్ సగం చేసినప్పుడల్లా సిద్ధాంతం చెప్పే పెరుగుదల అదే. అక్కడ లెక్క ప్రకారం స్ట్రెస్ అనంతం. కానీ అంత సూది మూల లోకంలో లేదు, మోడల్‌లో తప్ప. మెష్ పాపం దాని వెంట పరిగెడుతూనే ఉంటుంది. కాకా చేత్తో వేసే వెల్డు పూసకు గుండ్రం ఉంటుంది కదా. ఆ మూలలో 3 మి.మీ. ఫిల్లెట్ (గుండ్రటి మలుపు) ఇచ్చి మెష్ సన్నం చేస్తే, రెండు మూడు రన్‌లలో సంఖ్య ఒకచోట ఆగుతుంది. లేదా మూలకు కాస్త దూరంలో చదువుకోవాలి. అసలు ఈ స్టాండుకు ఇన్ని లక్షల టెట్రాలు (నాలుగు ముఖాల మెష్ ముక్కలు) అక్కరే లేదు. యాంగిళ్ళను బీమ్ ఎలిమెంట్లుగా, అంటే గీతల్లాంటి ముక్కలుగా, పెడితే కొన్ని డజన్లతో, చాయ్‌కి లేచేలోపు తేలిపోతుంది. విమానం రెక్కల లెక్కల్లోంచి ఎదిగి, 1960లో రే క్లఫ్ అనే ఇంజనీరు చేతుల్లో "ఫైనైట్ ఎలిమెంట్" అని పేరు పెట్టించుకున్న పద్ధతి ఇది, వాళ్ళు కూడా మూరెడు యాంగిల్‌ను అణువణువూ కోయమనలేదు.

6 మి.మీ. యాంగిల్ మళ్ళీ గెలిచింది. రిపోర్టు ప్రింటు తీసి కిందికి తెచ్చారు. కాకా మాస్కు పైకెత్తి, రంగుల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగుంది బిడ్డా. గని ట్యాంకు దేని మీద కూసుంటది?"

"పై ఫ్రేము మీద, కాకా. నాలుగు దిక్కుల సమానం పంచిన బరువు."

"నువ్వు పంచినవ్. ట్యాంకు పంచుతదా? ట్యాంకు గుండ్రం, ఫ్రేము చౌకం. నాలుగు యాంగిళ్ళ నట్టనడుమ తగుల్తది, అంతే. నడుమంత ఖాళీ."

సీనియర్ చెయ్యి మళ్ళీ జేబులోకి పోయింది. చాయ్ బిల్లు. బరువు పరుచుకోకుండా నడిమధ్య ఒక్కచోట పడితే మూమెంట్ బై ఎనిమిది కాదు, బై నాలుగు. 94 కాస్తా 187. కట్టిన గీత 165 దాటిపోయింది. పైగా అడుగున ఆసరా లేకపోతే ప్లాస్టిక్ ట్యాంకు పొట్ట కిందికి జారి కొన్నాళ్ళకు చిట్లుతుంది.

"మరి నువ్వెట్ల చేస్తవ్ కాకా?"

"నడుమ రెండు అడ్డం యాంగిళ్ళు, మీద ఒకటిన్నర అంగుళం కడప బండ. ఎప్పుడు ఏసేదే గద. గది గూడ కంప్యూటర్‌కు చెప్పాల్నా?"

చెప్పాలి. బండ ఒక్కటే వంద కేజీల పైచిలుకు. ఇద్దరూ మళ్ళీ మెట్లెక్కారు. కుర్రాడు మెటీరియల్ లైబ్రరీ తెరిచి వెతికాడు. టైటానియంలో రకాలున్నాయి, విమానాలకు వాడే అల్యూమినియం ఉంది, బాల్సా కర్ర కూడా ఉంది. అయిదు నిమిషాలయ్యాక కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

"కాకా, లైబ్రరీల కడప బండ లేదు!"

"లేకుంటె ఏమాయె బిడ్డా, మన షెడ్డు ఎనక రెండున్నయ్!"