నిరాశకో మర్యాద ఉండొద్దూ?

రంగస్థలం మీద దుఃఖానికి కొన్ని పద్ధతులున్నాయి. లైట్లు సగానికి దించాలి. వెనకాల వయొలిన్ ఏడవాలి. కథానాయకుడు మనకు వీపు చూపిస్తూ, కిటికీ వైపు తిరిగి "జీవితం..." అని ఆగాలి. ఆ ఆగినచోటే మనం జేబురుమాలు తీయాలి. ఇంత పకడ్బందీ ఏర్పాటును ఒక ఎర్ర ముక్కు జోకర్, అదే క్లౌన్, వచ్చి చెడగొడుతుంటే చూస్తూ ఊరుకోలేక ఈ నాలుగు ముక్కలు.

మొన్నొక ప్రయోగాత్మక క్లౌన్ ప్రదర్శనకు వెళ్లాను. విషయం ఒంటరితనమట. కళాకారుడు కూర్చుని ఏడవడానికి మడత కుర్చీ తెచ్చుకున్నాడు. విప్పి కూర్చోబోతే మూసుకుంది. మళ్లీ విప్పితే వేలు ఇరుక్కుంది. కుర్చీకి దండం పెట్టి క్షమాపణ చెప్పుకున్నాడు. ఆఖరికి తనే నేల మీద చతికిలపడి, కుర్చీని ఒళ్లో పడుకోబెట్టుకుని, దాని వీపు నిమురుతూ ఓదార్చాడు. హాలంతా పగలబడి నవ్వింది. తీరా చూస్తే వాడింకా ఏడవనే లేదు, కుర్చీ కుదిరితే కదా! నా గొంతులో ఏదో అడ్డుపడింది. దగ్గనుకుంటాను.

ఈ పాపంలో పెద్ద వాటా జాక్ లెకోక్‌ది. 1956లో పారిస్‌లో నాటక పాఠశాల పెట్టిన పెద్దమనిషి. ఓసారి విద్యార్థులను ఒక్కొక్కరినే పిలిచి నవ్వించమన్నాడు. ఎన్ని వేషాలు వేసినా ఎవరూ నవ్వలేదు. సిగ్గుతో ముఖం వేలాడేసుకుని వెనక్కొచ్చి కూర్చుంటుంటే మాత్రం అందరూ ఘొల్లుమన్నారు. మామూలు మాస్టారైతే సున్నా వేసి పంపేవాడు. ఈయన దాన్నే క్లౌన్ పాఠం చేశాడు.

నాటక రచయిత శామ్యూల్ బెకెట్ అంతకన్నా ఘనుడు. 'వెయిటింగ్ ఫర్ గోడో' తొలి ప్రదర్శన 1953 జనవరి 5న పారిస్‌లోనే. గోడో అనేవాడి కోసం ఎదురుచూసే ఇద్దరు చివర్లో ఉరేసుకుందామనుకుంటారు; అందుకని ఒకడు నడుముకున్న తాడు విప్పితే ప్యాంటు జారిపోతుంది. నటుడు పాపం కాస్త పరువు దక్కించుకుందామని దాన్ని పూర్తిగా జారనివ్వలేదు. నాలుగు రోజులకే దర్శకుడు రోజర్ బ్లాన్‌కు బెకెట్ నుంచి ఉత్తరం వచ్చింది: ప్యాంటు మడమల దాకా జారితీరాల్సిందే! ఆ గోడో ఎవరో, అసలు వస్తాడో రాడో తేల్చని మనిషి, ప్యాంటు దగ్గర మాత్రం పట్టు విడవలేదు.

ప్రదర్శనయ్యాక ఫిర్యాదు చేద్దామని వేదిక వెనక్కి వెళ్లాను. ఆ మడత కుర్చీ క్లౌన్ ముక్కు తీసేసి, అదే కుర్చీలో దర్జాగా కూర్చుని నీళ్లు తాగుతున్నాడు.

"ఏడుపొచ్చిందా అండీ?" అన్నాడు.

"లేదు" అన్నాను, అవసరానికి మించి గట్టిగా.

కూర్చోమని ఇంకో మడత కుర్చీ అందించాడు. అది విప్పడానికి నాకెంతసేపు పట్టిందో ఈ వ్యాసానికి అనవసరం.