ఆ చైనా పిల్లల బొమ్మ ఫోటో కాదండీ బాబూ

ఈ మధ్య ఒక పోస్టు తెగ తిరుగుతోంది. పాత చైనా పెయింటింగ్, తోటలో అక్కాతమ్ముడు ఆడుకుంటుంటారు, కింద రాత ఏంటంటే 900 ఏళ్ల కింద చైనాలో మామూలు ఇళ్లల్లో బాల్యం ఇలాగే ఉండేదంట, ఆడామగా తేడా లేదంట, చదువుల గోల లేదంట, అప్పటికి యూరప్ వాళ్లకి పిల్లల్ని గీయడమే రాదంట. బొమ్మ సూపరే, రాతతోనే పేచీ.

ముందు "మామూలు ఇళ్లు" సంగతి. ఆ బొమ్మ అప్పట్లో చైనాని ఏలిన సోంగ్ రాజుల కొలువులో పనిచేసిన సు హన్‌చెన్ అనే చిత్రకారుడిది అంటారు (సంతకం లేదు), తైపీలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. రేగిపండ్లని పుల్లకి గుచ్చి తిప్పే ఆట ఆడుతున్నారు చూడండి, ఆ ఆట నిజంగా ఉండేది, అందులో డౌట్ లేదు. కానీ ఆ ఆట సాగుతున్నది ముత్యపుచిప్ప పొదిగిన నల్లటి లక్క స్టూలు మీద, ఒంటి మీద మంచి మంచి బట్టలు, వెనక అలంకారానికి నిలబెట్టిన పెద్ద బండరాయి. మామూలు ఇంట్లో ఇవన్నీ ఎక్కణ్ణుంచొస్తాయి? ఊళ్లో పిల్లలు కావాలంటే లి సోంగ్ అనే ఇంకో సోంగ్ కాలపు చిత్రకారుడు వేసిన ఆటబొమ్మలమ్మేవాడి పెయింటింగ్ చూడండి, 1211 నాటిది, బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది, కావడి నిండా వందల సామాన్లు, చుట్టూ ఎగబడే పిల్లలు. అదే లి సోంగ్ ఇంకోటి కూడా వేశాడు, ఒక అస్థిపంజరం కూర్చుని బుల్లి అస్థిపంజరాన్ని తోలుబొమ్మలా ఆడిస్తుంటే ఒక పసివాడు దాన్ని పట్టుకుందామని పాక్కుంటూ పోతుంటాడు. అది మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

అసలు ఈ బొమ్మలు ఎందుకు వేయించుకునేవాళ్లో తెలిస్తే సగం గొడవ తీరిపోతుంది. పెళ్లిలో పెద్దలు అక్షింతలు వేసి పిల్లాపాపలతో చల్లగా ఉండమంటారే, ఆ దీవెనని రంగుల్లో గీస్తే అదే ఇది. పక్కనే దానిమ్మపండు కూడా వేస్తారు, గింజలెన్నో సంతానం అంత అని. అంత కోరిక ఎందుకంటే పిల్లలు బతికేవాళ్లు కాదు కాబట్టి. సు హన్‌చెన్ కొలువు చేసిన గావోజోంగ్ చక్రవర్తికే ఒక్కగానొక్క కొడుకు 1129లో పసితనంలోనే పోయాడు, మళ్లీ పుట్టలేదు, చివరికి 1162లో దత్తపుత్రుడికి సింహాసనం ఇచ్చేశాడు. చక్రవర్తి ఇల్లే అలా ఉంటే ఇక మిగతావాళ్ల సంగతి!

ఆడామగా తేడా లేదన్నది అన్నిటికన్నా పెద్ద అబద్ధం. ఆ ఒక్క బొమ్మలో అక్క ఉంది, నిజమే. కానీ తర్వాత బాగా పాపులర్ అయిన "వందమంది పిల్లలు" బొమ్మల్లో లెక్కపెట్టుకోండి, అందరూ మగపిల్లలే. బీజింగ్ దగ్గర మింగ్ వంశపు (1368-1644) వాన్‌లీ చక్రవర్తి సమాధిని 1956-58లో తవ్వితే రాణి జాకెట్ దొరికింది, దాని నిండా ఎంబ్రాయిడరీ చేసిన పిల్లలు, వాళ్లూ మగపిల్లలే. సు షి అనే పెద్ద కవి 1080ల్లో హువాంగ్‌ఝౌ అనే ఊళ్లో ఉన్నప్పుడు పక్క జిల్లా అధికారికి ఉత్తరం రాశాడు, అక్కడి పేదోళ్లు ఇద్దరు కొడుకుల్నీ ఒక కూతుర్నీ మాత్రమే పెంచుతారు, ఆపైన పుడితే నీళ్లలో ముంచేస్తారు, ఆడపిల్లయితే మరీను, దాన్ని ఆపండి అని. ఇది ఆ బొమ్మకి జస్ట్ కొన్ని దశాబ్దాల ముందు మాట. ఇది చదివాక కూడా ఆ క్యాప్షన్ పెట్టాలనిపిస్తే మీ ఇష్టం.

చదువుల గోల లేదా? 15 ఏళ్ల లోపు పిల్లలకి స్పెషల్‌గా సర్కారీ పరీక్ష పెట్టిన రాజ్యమండీ అది. ఆ వందమంది పిల్లల బొమ్మల్లో కొందరు ఆఫీసరు వేషం కట్టి ఊరేగుతుంటారు, అది కూడా నాన్నగారి కోరికే, వీడు పాసై ఉద్యోగం కొట్టాలని. మింగ్ కాలంలో ఛియూ యింగ్ అనే చిత్రకారుడు పాత సోంగ్ బొమ్మ చూసి వేసిన దాంట్లో పల్లెటూరి బడి ఉంటుంది, పంతులు కునుకు తీస్తుంటే పిల్లలు బడిని పీకి పందిరేస్తుంటారు, నాకు అన్నిట్లోకీ అదే ఎక్కువ ఇష్టం.

ఇక యూరప్. బ్రూగెల్ అనే యూరప్ చిత్రకారుడు 1560లో వేసిన పిల్లల ఆటల పెయింటింగ్ వియన్నాలో ఉంది, 200 మందికి పైగా పిల్లలు, 80 దాకా ఆటలు, జూమ్ చేసి చూడండి. కాకపోతే ఈ విషయంలో చైనా వాళ్లే నాలుగొందల ఏళ్లు ముందున్నారు, అంతవరకే రాసి ఆపేసుంటే నేనూ ఫార్వర్డ్ చేసేవాణ్ణి.